రోమన్ పాలరాతి శవపేటిక మీది కథను చదవడం ఎలా: మ్యూజియంలో అడుగడుగునా

రోమ్‌కో న్యూయార్క్‌కో వెళ్లొచ్చినవాళ్లు ఫోటోలు పంపి దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "ఈ రాతి పెట్టె మీద ఇంతమంది ఉన్నారు కదా, ఎవరు ఎవరో ఎలా తెలుసుకోవాలి?" పక్కనున్న చీటీలో "ఎండిమియన్ కథ" అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ముక్క పట్టుకుని ముప్ఫై బొమ్మల గుంపులోకి దిగితే దారి తెన్నూ దొరకదు.

నేను పాటించే వరుస ఇది: ముందు రాయి, తర్వాత శరీరాలు, ఆ తర్వాత కథ, చివరగా ముఖం. చాలామంది కథతో మొదలుపెట్టి ముఖం దాకా రాకుండానే పక్క గదిలోకి వెళ్లిపోతారు. ఆ పెట్టె ఎవరి కోసం చేయించారో ఆ మనిషిని మాత్రం చూడరు.

## 1. ఇంట్లోనే చేసుకోవాల్సిన పని

గ్రీకు పురాణాలన్నీ చదవక్కర్లేదు. తొమ్మిది కథలు, ఒక్కోదానికి ఒక్క గుర్తు చాలు. ఏ పెద్ద మ్యూజియంకి వెళ్లినా పురాణకథల పెట్టెలు చాలావరకు వీటితోనే తేలిపోతాయి.

- ఎండిమియన్: నిద్రపోతున్న యువకుడు, రథం దిగి అతని వైపు అడుగేస్తున్న చంద్రదేవత. ఆమె పైట వెనక గాలికి గొడుగులా లేచి ఉంటుంది.
- పెర్సెఫొనీ: నాలుగు గుర్రాల రథం, అందులో పాతాళ ప్రభువు చేతుల్లో అడ్డంగా పడి గింజుకుంటున్న అమ్మాయి. కింద ఒలికిన పూలబుట్ట.
- మెలియేజర్: గుహలోంచి దూకే అడవిపంది, ఈటెతో ఎదురు నిలిచిన యువకుడు, పక్కనే విల్లు పట్టిన అటలాంటా.
- హిప్పొలిటస్: కూర్చుని కుమిలిపోతున్న రాణి ఫేద్రా, ముసలి దాసి, వేటకు బయల్దేరిన సవతి కొడుకు.
- మెడియా: మంటల్లో చేతులు పైకెత్తిన పెళ్లికూతురు, పిల్లల పక్కన కత్తి పట్టుకున్న తల్లి, పాముల రథం.
- ఆల్సెస్టిస్: మంచం మీద చనిపోతున్న భార్య, ఆమెను పాతాళం నుంచి వెనక్కి తెస్తున్న హెరాక్లీస్.
- నియోబీ: బాణాలకు కూలిపోతున్న పిల్లలు.
- డయోనైసస్: ద్రాక్షగుత్తులు, చిరుతపులులు, మేకకాళ్ల పాన్.
- హెరాక్లీస్ సాహసాలు: ఒకే బలశాలి వరసగా సింహంతో, పందితో, జింకతో.

చీటీల్లో ఒకచోట గ్రీకు పేరు, మరోచోట రోమన్ పేరు రాస్తారు. సెలీని అన్నా లూనా అన్నా చంద్రదేవతే. డయోనైసస్సే బాకస్, పెర్సెఫొనీయే ప్రొసెర్పినా, హేడీసే ప్లూటో, ఆర్టెమిసే డయానా. ఈ జంటలు ఒక కాగితం మీద రాసుకోండి.

మీరు చూడబోయే పెట్టె ఫోటో మ్యూజియం సైట్‌లో ఉంటే ముందే ప్రింట్ తీసుకోండి. అక్కడ నిలబడి దాని మీదే పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోవచ్చు.

వెంట ఉండాల్సినవి:

- పెన్సిల్ (చాలా గదుల్లో పెన్ను వాడనివ్వరు)
- ప్రింట్, చిన్న నోట్‌బుక్
- ఫ్లాష్ ఆపేసిన ఫోన్
- ఎత్తులో పెట్టిన మూతల కోసం చిన్న బైనాక్యులర్
- ఒక్కో పెట్టెకు కనీసం 40 నిమిషాలు

రోజుకి మూడు పెట్టెలు దాటితే కళ్లు అలిసిపోయి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ముప్ఫై చూసేయాలన్న టెన్షన్ పెట్టుకోకండి.

## 2. చీటీ చదవకుండా ఒకసారి చుట్టూ తిరగండి

బొమ్మల జోలికి పోకముందు పెట్టె ఆకారం చూడండి. అది ఎక్కడ తయారైందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

రోమ్ నగరపు పనివాళ్లు సాధారణంగా మూడు వైపులే చెక్కారు. పెట్టెను సమాధి గదిలో గోడకు ఆనించేవారు కాబట్టి వెనక్కి ఉలి దెబ్బలు తగిలిన మొరటు రాయే ఉంటుంది. రెండు పక్కలా చెక్కడం కూడా ముందువైపు కంటే పల్చగా, తొందరగా చేసినట్టు ఉంటుంది.

ఏథెన్స్ పెట్టెలకు నాలుగు వైపులా చెక్కడం ఉంటుంది. చాలాసార్లు మూత పరుపు పరిచిన మంచంలా ఉండి, దాని మీద భార్యాభర్తలు ఒరిగి కూర్చుంటారు. లాస్ ఏంజెలెస్ దగ్గర గెట్టీ విల్లాలో అకిలీస్ కథ ఉన్న పెట్టె ఈ రకానిదే. ఇక ఆసియా మైనర్ (నేటి టర్కీ) పెట్టెల మీద స్తంభాల వరస, రెండేసి స్తంభాల మధ్య బొమ్మ కనిపిస్తే అది చాలావరకు అక్కడి డొకిమియన్ గనుల పాలరాయి. టర్కీలోని అంటాల్యా మ్యూజియం సేకరణలో ఇలాంటివి ఉన్నాయి.

మూలలు గుండ్రంగా తిరిగి తొట్టిలా ఉండే పెట్టెలు కూడా ఉన్నాయి. ద్రాక్ష తొక్కే తొట్టి రూపం అది. ముందువైపు రెండు సింహం తలలు కనిపిస్తే, అవి ఆ తొట్టిలోంచి రసం కారే తూముల గుర్తు.

చుట్టూ తిరిగేటప్పుడు అడుగున ఉలికీ కథకీ సంబంధం లేని గుండ్రటి రంధ్రం ఏదైనా ఉందేమో చూడండి. తర్వాతి శతాబ్దాల్లో చాలా పెట్టెలు నీళ్ల తొట్లయ్యాయి. ఏ దేవత పాదం దగ్గరో పడిన ఆ రంధ్రం అప్పటి నీటి గొట్టానిది.

## 3. బొమ్మలు లెక్కపెట్టండి, పేర్లు పెట్టకండి

ఇప్పుడు ముందువైపు ఎదురుగా నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎడమ నుంచి కుడికి తలలు లెక్కపెట్టండి. కాగితం మీద ఒక్కో తలకు ఒక గీత. రెక్కల పిల్లలకు చిన్న గీత, జంతువులకు చుక్క.

విసుగు పుట్టించే పనే. అయినా దాటేయకండి. లెక్కపెడుతున్నప్పుడే వెనక వరసలో పల్చగా చెక్కిన ముఖాలు, గుర్రం పొట్ట కింద పడుకున్న భూదేవి, మూలలో పశువుల కాపరి బయటపడతారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో డయోనైసస్, నాలుగు ఋతువులు ఉన్న పెట్టె మీద దాదాపు 40 బొమ్మలున్నాయి. మొదటి చూపుకి చిరుతపులి మీద కూర్చున్న దేవుడు, రెక్కలున్న నలుగురు యువకులు మాత్రమే ఆనతారు.

లెక్క అయ్యాక ఈ మూడూ రాసుకోండి:

- అందరికంటే పెద్దగా ఉన్నది ఎవరు?
- ఎవరు ఎటు నడుస్తున్నారు?
- రాయి ఎక్కడ లోతుగా తవ్వారు, ఎక్కడ ఖాళీగా వదిలారు?

## 4. రెండుసార్లు కనిపించే మనిషిని పట్టుకోండి

ఈ ఒక్క అడుగు సరిగ్గా పడితే మిగతాది సులువు. అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి.

రోమన్ శిల్పి ఘట్టానికీ ఘట్టానికీ మధ్య అడ్డుగీత పెట్టడు. ఒకే మనిషి ఒకే పలక మీద రెండుసార్లో మూడుసార్లో వస్తాడు. మనకిది కొత్తేమీ కాదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి నాళాగిరి ఏనుగు పలక చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఒకే గుండ్రటి రాతిలో ఎడమవైపు మనుషుల్ని తొక్కుతున్న ఏనుగు, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లిన అదే ఏనుగు. అదీ క్రీ.శ. 2వ శతాబ్దపు పనే. మనవాళ్లు పల్నాటి సున్నపురాతి మీద అలా చెక్కుతున్న కాలంలోనే రోమ్‌లో ఈ పెట్టెలు తయారవుతున్నాయి. ఆ కన్నే ఇక్కడా వాడండి.

బెర్లిన్ ఆల్టెస్ మ్యూజియంలోని మెడియా పెట్టె ఈ సాధనకు చాలా మంచిది. సుమారు క్రీ.శ. 140–150 నాటిది. భర్త జేసన్ తనను వదిలి మరో పెళ్లికి సిద్ధపడితే మెడియా పగ తీర్చుకున్న కథ ఇది. ఎడమ నుంచి వెళ్దాం.

మొదటి ఘట్టంలో ఇద్దరు చిన్నపిల్లలు కొత్త పెళ్లికూతురికి కానుకలు పట్టుకొచ్చారు. ఆ బట్టల్లో విషం ఉందని వాళ్లకు తెలియదు. రెండో ఘట్టంలో ఆ పెళ్లికూతురు క్రెయూసా చేతులు రెండూ పైకి విసిరి మంటల్లో కాలిపోతోంది, తండ్రి నిస్సహాయంగా చూస్తున్నాడు. మూడో ఘట్టంలో అవే పిల్లలు ఆడుకుంటున్నారు. పక్కనే తల్లి మెడియా, చేతిలో కత్తి. ఇంకా ఏమీ జరగలేదు.

నాలుగోది కుడి చివర. రెక్కల పాముల రథం పైకి లేస్తోంది. మెడియా భుజం మీద ఒక బిడ్డ శవం వేలాడుతోంది. రెండో బిడ్డ కోసం వెతకండి, దొరకదు. రథం అంచు చూడండి: ఒక చిన్న కాలు కిందికి జారి ఉంటుంది. అంతే చూపించాడు శిల్పి. నా మట్టుకు నాకు ఆ పలక మొత్తంలో అన్నిటికంటే బరువైన ముక్క ఆ చిన్న కాలే.

ఇప్పుడు పిల్లలు ఎన్నిసార్లు వచ్చారో, తల్లి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. ఆ అంకెలే ఘట్టాల మధ్య కనబడని గీతలు. వాటిని మీ ప్రింట్ మీద నిలువుగా గీసేయండి.

మనిషిని మళ్లీ గుర్తుపట్టడానికి ఇవి చూడండి:

- అదే జుట్టు, అదే టోపీ లేదా కిరీటం
- భుజం మీద అదే రకంగా ముడేసిన వస్త్రం
- పక్కనే ఉండే అదే తోడు (కుక్క, దాసి, పిల్లలు)
- వీపులు కలిపి నిలబడ్డ ఇద్దరు: చాలాసార్లు ఘట్టం మారేది అక్కడే

హెరాక్లీస్ పెట్టెల మీద ఇంకో సౌకర్యం ఉంది. మొదటి సాహసాల్లో గడ్డం లేని కుర్రాడు, పోనుపోను గడ్డం పెరిగిన పెద్దవాడు. వయసే వరస చెప్పేస్తుంది.

అన్ని పెట్టెలూ ఎడమ నుంచి కుడికి నడవవు. ఆల్సెస్టిస్ పెట్టెలో అందరి చూపూ మధ్యనున్న మరణశయ్య మీదికే వెళ్తుంది, ముందు వెనకల ఘట్టాలు దానికి అటూ ఇటూ ఉంటాయి. ఎడమ నుంచి కుదరకపోతే మధ్య నుంచి మొదలుపెట్టండి.

## 5. ఒకేలా కనిపించేవాటిని విడదీయండి

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. మూడు చిక్కుముడులున్నాయి.

అడవిపంది. పంది కనబడగానే మెలియేజర్ అనేయకండి. మెలియేజర్ నేల మీద నిలబడి పొడుస్తాడు, విల్లు పట్టిన అమ్మాయి ఉంటుంది. వేటగాడు గుర్రం మీద ఉండి, పెట్టె రెండో సగంలో కూర్చున్న రాణి ఉంటే హిప్పొలిటస్. పందిదే పైచేయి అయ్యి, యువకుడు తొడ మీద గాయంతో కూలిపోయి ఉంటే అడోనిస్. ఆ పక్కనే అతన్ని ప్రేమించిన దేవత ఆఫ్రొడైటీ ఉంటుంది.

నిద్రపోతున్న మనిషి. మగవాడైతే, దగ్గరకొస్తున్నది స్త్రీ అయితే ఎండిమియన్. పడుకున్నది ఆడమనిషి, వస్తున్నది ద్రాక్షతీగల దేవుడి పరివారం అయితే డయోనైసస్ పెళ్లాడిన ఆరియాడ్ని. పడుకున్న స్త్రీ దగ్గరకు శిరస్త్రాణం పెట్టుకున్న యుద్ధదేవుడు మార్స్ గాల్లోంచి దిగుతుంటే రియా సిల్వియా, అంటే రోమ్‌ను స్థాపించాడని చెప్పే రోములస్ తల్లి.

పాముల రథం. మెడియాకీ ఉంది, పెర్సెఫొనీ తల్లి డిమీటర్‌కీ ఉంది. నేనోసారి విరిగిన పలక ముందు అరగంట నిలబడి మెడియా అనే నమ్మాను. ఆ స్త్రీ చేతిలోని దివిటీ మొదలు కనిపించాకగానీ తెలియలేదు, కూతుర్ని వెతుక్కుంటున్న తల్లి అని. అప్పటినుంచి పాములు చూస్తే ముందు చేతులు చూస్తాను. దివిటీ ఉంటే డిమీటర్, బిడ్డల శవాలుంటే మెడియా.

చేయి విరిగిపోయినా ఆధారం మిగులుతుంది. రాతిలోంచి పొడుచుకొచ్చిన చేతికి, ఈటెకు ఊతంగా శిల్పులు చిన్న రాతి పుల్లలు వదిలేవారు. వస్తువు పోయినా తొడ మీదో వెనక పలక మీదో ఆ పుల్ల మొదలు బొడిపెలా ఉండిపోతుంది. రెండు బొడిపెలను ఊహలో గీతతో కలిపితే ఈటె ఎటు వెళ్లిందో తెలుస్తుంది.

ఏనుగులు, ఊరేగింపు, బందీలు కనిపిస్తే అది డయోనైసస్ భారత విజయం. ఆ దేవుడు మన దేశాన్ని గెలిచి తిరిగొచ్చాడని వాళ్ల కథ. బాల్టిమోర్‌లోని వాల్టర్స్ మ్యూజియంలో సుమారు క్రీ.శ. 190 నాటి పెట్టె మీద చిరుతపులుల రథంతో పాటు ఏనుగులు, ఒక జిరాఫీ కూడా ఉన్నాయి. రోమ్ శిల్పి ఊహలోని ఇండియా అది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఒక్కసారైనా వెళ్లి చూడండి.

## 6. పనిముట్ల జాడ చూసి కాలం అంచనా వేయండి

ఇప్పుడు దగ్గరికి వెళ్లండి, ముట్టుకోకుండా. వెలుతురు పక్కనుంచి పడే చోట నిలబడండి.

- లోతైన మొరటు గాట్లు: మొన ఉలి
- దువ్వెనతో గీసినట్టు పక్కపక్క గీతలు: పళ్ల ఉలి
- నున్నటి చర్మం: ఆకురాయితో అరగదీసి మెరుగుపెట్టింది
- వరసగా గుండ్రటి గుంటలు, పొడవాటి నల్లటి కాలువలు: బరమా

జుట్టు మీద ఆగండి. బరమాతో ఒక గుంట, పక్కన మరో గుంట వేసి, మధ్య గోడ పగలగొడితే కాలువ అవుతుంది. తొందరపడ్డ చోట ఆ మధ్య గోడలు అలాగే మిగిలి, జుట్టు తేనెపట్టులా ఉంటుంది.

స్థూలంగా కాలం ఇలా అనుకోవచ్చు. సుమారు క్రీ.శ. 150కి ముందు బొమ్మలు తక్కువ, వెనక పలక ఖాళీగా కనిపిస్తుంది. 2వ శతాబ్దం చివరికి బరమా లోతు పెరిగి నీడలు చిక్కబడతాయి. 3వ శతాబ్దం మొదట్లో గుంపు కిక్కిరిసి తలలు పై అంచును తాకుతాయి. ఆ శతాబ్దం చివరికి పురాణకథలే తగ్గిపోతాయి. ఎండిమియన్ నిద్ర భంగిమ మాత్రం పోలేదు. క్రైస్తవ పెట్టెల మీద సొరతీగ కింద పడుకున్న బైబిల్ ప్రవక్త యోనా సరిగ్గా అలాగే, చేయి తల మీదికి మడిచి నిద్రపోతుంటాడు.

ఇదంతా అంచనాయే. ఆడవాళ్ల జుట్టుముడి దొరికితే దాన్నే ఎక్కువ నమ్మండి. రాణుల జుట్టు ఫ్యాషన్ మారినప్పుడల్లా రాతి మీదా మారింది.

## 7. అతుకులు వెతకండి

16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా ఈ పెట్టెలు కొన్న ధనవంతులు విరిగిన ముక్కులు, చేతులు కొత్తగా పెట్టించుకున్నారు. కొత్త చేతిలో శిల్పికి తోచిన వస్తువు పెట్టేస్తే కథే మారిపోతుంది. అందుకే ఏ వస్తువు చూసి పేరు పెట్టారో ఆ వస్తువు పాతదేనా అని తిరిగి చూడాలి.

- మణికట్టు దగ్గర, మెడ దగ్గర తిన్నటి సన్నగీత
- పక్క రాతికంటే తెల్లగా, మచ్చల్లేకుండా ఉన్న ముక్క
- మేకు బిగించిన రంధ్రం, తుప్పు మరక
- అంతా అరిగిపోయిన బొమ్మలో ఒక్క ముక్కు మాత్రమే పదునుగా ఉండటం

## 8. మూత మీది అక్షరాలు

లాటిన్ రాకపోయినా ఫర్వాలేదు. మొదట డి, ఎం అక్షరాలుంటే "పితృదేవతలకు" అని అర్థం. "విక్సిట్" అంటే బతికారు, "ఆన్" అంటే ఏళ్లు, "మెన్స్" అంటే నెలలు, "ఫెకిట్" అంటే చేయించారు. "మాత్రి" అంటే తల్లికి. మన మాతృ శబ్దమే కదా! రోమన్ అంకెల్లో ఎల్ అంటే 50, ఎక్స్ అంటే 10, వి అంటే 5.

ఒక్క జాగ్రత్త: మూత, పెట్టె ఒకే జత అని అనుకోకండి. రాయి రంగు, పొడవు, అంచు కలుస్తున్నాయో లేదో చూడండి.

## 9. చివరగా ముఖం

ఇప్పుడు మళ్లీ నాలుగడుగులు వెనక్కి వచ్చి, ముఖ్యపాత్రల ముఖాలు మాత్రమే చూడండి. దేవుళ్ల ముఖాలు వయసు లేకుండా నున్నగా ఉంటాయి. వాటి మధ్య ఒక ముఖం మీద ముడతలు, సన్నబడ్డ పెదవులు, ఆ కాలపు జుట్టుముడి ఉంటే, అది నిజం మనిషి ముఖం.

వాటికన్ మ్యూజియంలో రోమ్ దగ్గరి ఆస్టియా రేవు నుంచి వచ్చిన ఆల్సెస్టిస్ పెట్టె ఉంది, క్రీ.శ. 160ల నాటిది. దాన్ని చేయించింది యూనియస్ యూహొడస్, ఆస్టియా వడ్రంగుల సంఘం పెద్ద. భార్య మెటిలియా ఆక్టే దేవమాత (సిబెలీ) పూజారిణి. భర్త కోసం ప్రాణమిచ్చిన ఆల్సెస్టిస్‌కి ఆమె ముఖం, భర్త అడ్మెటస్‌కి అతని ముఖం పెట్టించాడు. పురాణంలోని యువ దంపతుల ఒంటి మీద మధ్యవయసు దాటిన ఇద్దరి తలలు. మెడ దగ్గర వయసు మారే ఆ చోటు చూడకపోతే ఆ పెట్టె చూసినట్టు కాదు.

ముఖం ఎప్పుడూ కథలోనే ఉండాలని లేదు. మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఎండిమియన్ పెట్టె, 1825లో ఆస్టియాలో దొరికింది. అందులో నిద్రపోతున్న యువకుడికీ దిగొస్తున్న దేవతకీ ముఖాలు మామూలువే. మూత మధ్యకు చూపు ఎత్తండి: అక్కడ క్లాడియా ఆరియా అనే ఆమె బొమ్మ. 50 ఏళ్ల 10 నెలలు బతికింది. చేయించింది కూతురు అనినియా హిలారా, "సాటిలేని తల్లికి" అని రాయించి.

కొన్ని పెట్టెల మీద తల మొరటుగా, ముద్దలా వదిలేసి ఉంటుంది. విరిగిందని పొరబడకండి. శరీరం పూర్తిచేసి, కొన్నవాళ్ల పోలిక చెక్కడానికి ముఖం ఆపి ఉంచేవారు. ఎందుకో ఆ పోలిక చెక్కడం జరగలేదు. పురాణకథ కాకపోయినా, రోమ్ పలాజ్జో మాసిమోలోని పోర్టొనాచ్చో యుద్ధ పెట్టె మీద మధ్యనున్న సేనాని ముఖం ఇలాగే ఖాళీగా ఉంది.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దిద్దుబాట్లు

చీటీ ముందే చదివేయడం. చదివేశారా? సరే, 3వ అడుగు నుంచి మళ్లీ మొదలుపెట్టి, చీటీలో లేని ముగ్గురిని కనిపెట్టండి.

ముందువైపు మాత్రమే ఫోటో తీయడం. పక్కల్లో తరచూ కథ మొదలో చివరో ఉంటుంది. మెట్రోపాలిటన్ ఎండిమియన్ పెట్టెకు ఒక చివర ఉదయిస్తున్న సూర్యుడి రథం, మరో చివర దిగిపోతున్న చంద్రదేవత రథం. రెండు పక్కలూ తీస్తేనే అది ఒక రాత్రి కథ అని తెలుస్తుంది.

తెల్లగా ఉంది కాబట్టి తెల్లగానే చేశారనుకోవడం. వీటికి రంగులు వేసేవారు. జుట్టు లోతుల్లో, బట్ట మడతల్లో ఎరుపు జాడ కోసం చూడండి.

ప్రతి బొమ్మకీ పేరు పెట్టాలని పట్టుబట్టడం. ఖాళీ పూడ్చడానికి పెట్టిన దాసీలు, వేటగాళ్లు ఉంటారు. "తోడు" అని రాసి ముందుకెళ్లండి.

## 11. ప్రింట్ వెనక రాసుకోవాల్సిన చెక్‌లిస్ట్

- ఆకారం: పెట్టె / తొట్టి / స్తంభాలు
- ఎన్ని వైపులు చెక్కారు?
- తలలు ఎన్ని? అందరికంటే పెద్దది ఎవరు?
- రెండుసార్లు వచ్చినవాళ్లు ఎవరు? ఘట్టాలు ఎన్ని?
- కథను తేల్చిన వస్తువు ఏది? అది పాతదేనా, అతికించిందా?
- బరమా లోతు, జుట్టుముడి: సుమారు ఏ కాలం?
- మూత ఈ పెట్టెదేనా? అక్షరాల్లో వయసు ఎంత?
- నిజం మనిషి ముఖం ఎక్కడుంది: కథలోనా, మూత మీదా, ఖాళీగా వదిలిన రాతిలోనా?